మెటియాబ్రుజ్‌లో మా తమ్ముడి పనసచెట్టు

కలకత్తా వెళ్ళి వచ్చానని తెలియగానే ఊళ్ళో అందరూ హౌరా వంతెన గురించే అడిగారు. ఆ వంతెనని నేను తిరిగొచ్చేటప్పుడు బస్సులో నిలబడి, ఎవరిదో చంక కింద ముఖం పెట్టుకుని దాటాను. నాకు కనిపించింది ఆ చంక ఒక్కటే. వంతెన సంగతి కావలసినవాళ్ళు ఇంకెవరినైనా అడగండి. నేను వెళ్ళింది ఒక పనసచెట్టుని చూడడానికి. దాని గురించే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై నాలుగో ఏట, కాబట్టి వాక్యం వంకరగా ఉంటే సర్దుకోండి. చెప్పే విషయం మాత్రం వంకరగా ఉండదు.

మాది ఉద్దానం. మా దగ్గర పనసచెట్లకి పేర్లుంటాయి. నక్కపనస అంటే నక్కలు వచ్చి తినేది, రాయిపనస అంటే కత్తికి లొంగనిది. అన్నదమ్ములు వాటాలు వేసుకునేటప్పుడు కూడా ఫలానా పేరున్న చెట్టు నీది, ఫలానాది నాది అనుకుంటారు. మా ఇంటి వెనకది కుండపనస. పొట్టి చెట్టు. కాయలు మొదలు దగ్గరే కాసేవి, కొన్ని వేరు మీద కాసి నేలని పగలగొట్టుకుని పైకొచ్చేవి. కాయ గుండ్రంగా కుండలా ఉండేది. తొన మందంగా, పసుపుపచ్చగా, కొరికితే కరకరమనేది. ఆ చెట్టు నాకంటే పెద్దది. మొన్న వేసవిలో వచ్చిన గాలివానకి, కాయలు ముదరకముందే, వేళ్ళతో సహా పడిపోయింది.

అది పడ్డ పదిహేను రోజులకి కలకత్తా నుంచి మేనల్లుడు శంకర్ ఉత్తరం వచ్చింది. మా తమ్ముడు సింహాచలం ఇరవై ఏళ్ళప్పుడు కలకత్తా ఓడరేవులో బస్తాలు మోయడానికి వెళ్ళాడు. పోతూ పోతూ ఆ కుండపనస పిక్కలు నాలుగు పంచె కొంగున కట్టుకున్నాడు. అక్కడ కార్పొరేషనులో వీధులూడ్చే మన తెలుగువాళ్ళ పిల్ల జమునని చేసుకున్నాడు. మా నాన్న ఆ పిల్ల మా గుమ్మం తొక్కడానికి వీల్లేదన్నాడు. తమ్ముడూ మళ్ళీ రాలేదు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. అది నా తప్పే. నాకు రాయడం వచ్చాక వేసిన మొదటి ఉత్తరం వాడికే, కానీ అప్పటికి వాడు పోయి రెండేళ్ళయిందని శంకర్ జవాబు రాశాడు. శంకర్‌కి తెలుగు ఇంట్లో మాట్లాడడం వరకే. రాస్తే ఒక్కో అక్షరం ఒక్కో చింతపిక్కంత ఉంటుంది.

ఈసారి రాసింది ఇది: ఇంటి ముందు వాళ్ళ నాన్న నాటిన పనసచెట్టు కొట్టేసి, రెండు కుట్టుమిషన్లకి రేకుల గది వేసుకోవాలి. దుర్గాపూజలకి ముందే కావాలి, అప్పుడే బట్టల పని ఎక్కువ. అమ్మ ఒప్పుకోవడం లేదు. అది అత్తవారింటి చెట్టు పిల్ల అంటోంది. ఆ ఇంటి మనిషి వచ్చి, పండు తిని, ఇది మా చెట్టు కాదంటేనే గొడ్డలి ముట్టుకోనిస్తానంటోంది. అత్తా, నువ్వు రావాలి.

నాకూ ఆశ పుట్టింది. ఇక్కడ పోయిన చెట్టు అక్కడ బతికే ఉందన్నమాట. పిక్కలు తెచ్చుకుని మళ్ళీ వేసుకోవచ్చు. మూట కట్టుకుని పలాసలో రైలెక్కాను.

రైల్లో

నా ఎదుట ఒడియా ముసలమ్మ ఒకామె కూర్చుంది. ఆమె భాష నాకు సగం, నా భాష ఆమెకి సగం. వేయించిన పనసపిక్కలు తీసి పెట్టాను. ఆమె నాలుగు తిని, మా ఇంటి పనస ఏడాదికి రెండు కాపులు కాస్తుంది, మీదో అంది. ఒక్కటే కాపు అన్నాను. జాలిపడింది. మా దానికి పాలు కారవు, కత్తికి నూనె రాయనక్కర్లేదు అన్నాను. నమ్మలేదు. బాలాసోర్ దాకా ఇద్దరం చెట్ల గొప్పలు చెప్పుకుంటూనే ఉన్నాం, ఒక్కరమూ తగ్గలేదు.

రేవు దాటి

శంకర్ హౌరాలో దింపుకుని, బస్సెక్కించి, షాలిమార్ గూడ్సు యార్డుల వెనకగా తిప్పి, లాంచి ఎక్కించాడు. గంగ అవతల మెటియాబ్రుజ్. రేవు దిగగానే చెవిలో కుట్టుమిషన్ల మోత పడింది. ప్రతి ఇంట్లో మిషను, ప్రతి గుమ్మంలో కత్తిరించిన గుడ్డముక్కల కుప్ప. మన ఊళ్ళో వీధిలో కోళ్ళు తిరిగినట్టు ఇక్కడ రంగురంగుల దారాలు గాలికి తిరుగుతుంటాయి. మట్టి కప్పులో టీ ఇచ్చి, తాగాక ఆ కప్పు పారేయమన్నాడు శంకర్. నేను పారేయలేదు. నున్నటి కప్పు, రూపాయి టీకి ఉత్తినే వచ్చింది. కడిగి సంచిలో వేసుకున్నాను. వాడు నవ్వాడు, నవ్వనీ.

జమున గుమ్మం బయటే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, తెల్లచీర, చేతులకి చెరిగిన పచ్చబొట్లు. వంగి నా కాళ్ళు ముట్టుకుంది.

"వదినా, ఎన్నాళ్ళకి వచ్చినావు! రా, లోపల కూకో. ముందర సెట్టు సూత్తావా?"

మంచినీళ్ళు కూడా తాగకముందే చెట్టు చూపించింది. తలెత్తి చూశాను.

కొబ్బరిచెట్టులా నిటారుగా, పెంకుటింటి కప్పు దాటి పోయింది. మొదట్లో ఒక్క కాయ లేదు, అన్నీ పైకొమ్మలకే. కాయ కుండలా లేదు, మద్దెలలా పొడుగు. మా దాని ముళ్ళు చదునుగా ఉండేవి. దీని ముళ్ళు సన్నగా, దగ్గరదగ్గరగా, ముట్టుకుంటే గుచ్చుకునేట్టు ఉన్నాయి.

"అదే కదా వదినా? మీ ఇంటిదే కదా?"

కాదన్న మాట నోటి దాకా వచ్చింది. కానీ పండు తిని చెప్పాలన్నది ఒప్పందం. "పండనీ, తిని సెప్తాను" అన్నాను. శంకర్ చెట్టెక్కి, ముదిరిన కాయ ఒకటి తాడుతో దింపాడు. కాడలోకి కర్రమేకు దిగగొట్టి గోనెపట్టా చుట్టాను. పండడానికి నాలుగు రోజులు పడుతుంది.

ఖిదిర్‌పూర్ బజారు

మర్నాడు శంకర్ బజారుకి తీసుకెళ్ళాడు. మన దగ్గర పనసకాయ పక్కింటికి ఊరికే ఇస్తాం, తీసుకోకపోతే తిడతాం. ఇక్కడ లేతకాయని ముక్కలు కోసి, కాటాలో వేసి, కిలో ఎనిమిది రూపాయలని అమ్ముతున్నారు! లేతదాన్ని ఎంచోడ్ అంటారు, పండిన తర్వాత కాఠాల్. పండులో మళ్ళీ రెండు జాతులు. గట్టి తొనది ఖాజా, జారిపోయే మెత్తటిది గలా.

ఖాజా అని చూపించిన పండుని మన అలవాటు ప్రకారం వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాను. తర్వాత పక్కదాన్ని. తర్వాత దాని పక్కదాన్ని. కొట్టువాడు ఊరుకున్నాడు, ఊరుకున్నాడు, ఏడోదానికి కేకేశాడు:

"ఎటా దరజా నా, మాసీమా, ఎటా కాఠాల్!"

అది తలుపు కాదు పిన్నిగారూ, పనసకాయ అని. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను తెలుగులోనే, "లోపల ఎవులున్నారో తెలకండా కొంతామేటి?" అన్నాను. శంకర్ దాన్ని బెంగాలీలో చెప్పాడు. కొట్టువాడు ఇంకా గట్టిగా నవ్వి, ఒక తొన తీసి నా చేతిలో పెట్టాడు. ఖాజా మంచిదే. కరకరమంది. మా కుండపనసలో సగం రుచి ఉంది. ఈలోగా నా చీర చెంగుకి పనసపాలు అంటుకుని గట్టిగా అతుక్కుపోయింది. ఆ కొట్టువాడే ఆవనూనె పోసి రుద్ది వదిలించాడు. నూనె మరక ఇంకా ఉంది.

బంద్ రోజు

మూడో రోజు బంద్. బస్సు లేదు, లాంచి లేదు, కొట్టు లేదు. రోడ్డు మధ్యన క్రికెట్టు ఆడుతున్నారు. ఎర్రజెండాల ఊరేగింపు ఒకటి వెళ్ళింది. అందులో జమున చుట్టాలెవరో కనబడి చెయ్యి ఊపారు. ఎందుకు బంద్ అని అడిగితే, ముగ్గురు మూడు కారణాలు చెప్పారు. ఎవరూ బెంగ పెట్టుకోలేదు, మాంసం వండుకున్నారు.

జమున ఎంచోడ్ వండింది. మనం పనసకాయని పొట్టు కొట్టి ఆవ పెట్టుకుంటామా, వీళ్ళు ముక్కలుగా తరిగి, బంగాళాదుంపలు, ఉల్లి, గరంమసాలా వేసి మేకమాంసంలా వండుతారు. దీన్ని చెట్టుకి కాసిన మేక అంటారట. కళ్ళు మూసుకుని తింటే నిజంగానే మోసపోతాం. మన పొట్టుకూరే బాగుంటుందని మొహమాటం లేకుండా చెప్పాను.

"ఐతే నేర్పించు" అంది జమున. "మీ అమ్మ ఎలగొండేదో ఆయన సెప్పేవోడు గానీ, నాకు కుదిరేది కాదు."

కత్తిపీట దగ్గర కూర్చుని పొట్టు కొట్టడం చూపించాను. ఆమె ఒక్కొక్కటే అడిగింది. మీ ఇంటి అరుగు ఎత్తా, పల్లమా? బావి ఎడంపక్కనా? వీధిగదిలో ఎర్రచెక్క పెట్టె ఇంకా ఉందా? నాకు ఆశ్చర్యం వేసింది. అన్నీ సరిగ్గా తెలుసు. ఒక్కసారి కూడా చూడని ఇంట్లో చీకట్లో కూడా తడుముకోకుండా నడిచేటట్టు ఉంది.

"ఏడాదికోపాలి పండు కోసినప్పుడు మీ ఇంటి ముచ్చట్లు సెప్పేవోడు" అంది. "నన్ను మీ ఇంటికి ఎవులూ రానిచ్చినారు కాదు. కానీ, మీ ఇంటి పండు ఏటేటా తింతన్నాను కదా వదినా. అదే సాలనుకున్నాను."

నాకు అప్పుడు అర్థమైంది శంకర్ నన్ను ఏ పనికి పిలిచాడో. చెట్టు మాది కాదంటే గొడ్డలి పడేది చెట్టు ఒక్కదాని మీదే కాదు.

బారుయీపూర్ తోటలో

నాకు ఒక అనుమానం తీరాలి. మా పిక్కే కదా వేశాడు, చెట్టు ఇలా ఎందుకు మారింది? నీళ్ళ వల్లా, మట్టి వల్లా? నాలుగో రోజు ఉదయం బాలీగంజ్‌లో రైలెక్కి బారుయీపూర్ వెళ్ళాం. చుట్టూ జామతోటలు, లిచీతోటలు. శంకర్‌కి తెలిసిన హరిపద అనే తోటమాలి అక్కడ మొక్కలకి అంట్లు కడతాడు. నా వయసువాడే, బీడీ చెవికి దోపుకుని ఉన్నాడు. నా ప్రశ్న విని, శంకర్ చెప్పడం పూర్తి కాకముందే తల ఊపాడు.

తోటలోకి తీసుకెళ్ళి వరసగా పద్నాలుగు పనసచెట్లు చూపించాడు. అన్నీ ఒకే పండు పిక్కలట. వాళ్ళ నాన్న ఒకే రోజు పాతాడట. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఒకదాని కాయ నా తలంత, ఒకదానిది నడుమంత. ఒకటి ఖాజా, దాని పక్కనే గలా. ఒకటి వేసవి మొదట్లో పండుతుంది, ఒకటి వానలు పడితే గాని పండదు. ఒకదానికి ముప్పై ఏళ్ళొచ్చినా కాపే రాలేదు, నీడకి ఉంచుకున్నాడు.

ఆయన మాటలు శంకర్ తెలుగులో చెప్పాడు: "పిక్కతో తల్లి రాదు అత్తా. ఏ పిక్కలో ఏటుందో ఎవులికీ తెలీదట. అదే సెట్టు గావాలంటే అంటు కట్టాల్సిందేనట. కట్టకండా కొట్టేస్తే, ఆ రకం మరింక లోకంలో ఉండదట."

నేను ఆ చెట్ల మధ్య కూర్చుండిపోయాను. అరవై ఏళ్ళు పనస కింద బతికినదాన్ని. ఊళ్ళో నూరు చెట్లుంటే నూరూ నూరు రకాలని తెలుసు. ఎందుకని ఒక్కరోజు కూడా అనుకోలేదు. మా వాళ్ళంతా పిక్కలు పాతుకుంటూ, పేర్లు పెట్టుకుంటూ వచ్చాం, ఎవరమూ అంటు కట్టుకోలేదు. మా కుండపనస పడ్డ రోజునే ఆఖరైపోయింది. కలకత్తాలో లేదు, ఎక్కడా లేదు.

హరిపద నాకు కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

పండు కోసినప్పుడు

ఆ సాయంత్రం ఎండ ఉండగానే పండు కోశాం. ఇల్లంతా వాసన. జమున కొత్త చాప పరిచింది. ఉతికిన చీర కట్టుకుంది. చేతులకి, కత్తికి ఆవనూనె రాసుకున్నాను. కత్తి పెట్టగానే పాలు కారాయి. పండు చీలింది, తొనలు జారాయి. పల్చటి తొనలు, లేత రంగు, పీచు ఎక్కువ. నోట్లో వేసుకుంటే నమలడానికి ఏమీ లేదు, గొంతులోకి దానంతటదే దిగిపోయింది. తియ్యదనం మాత్రం, నిజం చెప్పాలంటే, మా దానికంటే ఒక పాలు ఎక్కువే.

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. శంకర్ ఆశ ఒకటి, జమున ఆశ ఒకటి. అబద్ధం ఆడితే ఒక్క మాటతో అయిపోయేది. నాకు చేతకాదు.

"ఇది మా కుండపనస కాదు, జమునా."

ఆమె చేతిలో తొన అలాగే ఉండిపోయింది. "మరి ఆయన అదే అన్నాడు వదినా. మొదటి పండు కోసిననాడు సాలాసేపు నమిలినాడు. అదే రుచి, అదే అన్నాడు."

"నమలడానికి ఇందులో ఏటుందే? ఆడు ఆ సెట్టు కింద పుట్టి పెరిగినోడు. కళ్ళకి గంతలు కట్టినా పోల్చుకుంతాడు. మొదటి ముక్కకే తెలిసుంతాది ఆడికి."

"మరెందుకు..."

"నువ్వు మా గుమ్మం తొక్కకూడదని మా నాన్న అన్నాడు, నాను ఇని ఊరుకున్నాను. గుమ్మం ఇప్పించలేక, సెట్టయినా ఇచ్చినాడు నీకు."

జమున ఏడవలేదు. తొన నోట్లో వేసుకుంది, పిక్క తీసి పళ్ళెం అంచున పెట్టింది. "ఐతే కొట్టుకోరా శంకరా" అంది. అంతే, లేచి లోపలికి పోయి మరమరాలు, పాలు తెచ్చింది. ఇక్కడ ఈ మెత్తటి పండుని పిసికి, పాలలో మరమరాలతో కలుపుకుని తింటారు. ముగ్గురికీ మూడు గిన్నెల్లో పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యాక నేను ఇంకొంచెం అడిగాను. పళ్ళు సగం ఊడినదానికి ఇంతకంటే మంచి తిండి లేదు.

రెండో గిన్నె తింటూ నేనే అన్నాను: "శంకరా, గొడ్డలి తియ్యకు. ముందు నాకు దీని అంటు గావాల."

"నీకెందుకత్తా? నీదే కాదన్నావు."

"నాది సచ్చిపోయింది. ఇంటి యెనకాల ఖాళీగా ఉంది. పిక్క యేస్తే ఏటొస్తాదో, అసలొస్తాదో రాదో తెలీదు. ఇదైతే తిన్నాను, తెలుసు. ఇది మీ అమ్మ సెట్టు. లోకంలో ఇదొక్కటే ఉంది. ఇదే పాతుతాను మా ఇంట్లో."

శంకర్ తల గోక్కున్నాడు. "ఎన్ని రోజులు పడతాది?"

"ఆ హరిపద దాదా మూడు నెలలన్నాడు కదా."

"మూడు నెలలు! పూజల పని పోతాది అత్తా. కొట్టమని సెప్పడానికి పిలిస్తే, నువ్వు సెట్టు కోసం నా మిషను ఆపుతన్నావు."

వాడిదీ న్యాయమే. వాడికి తండ్రి సంపాదించిన స్థలం రెండు గదులంత, అందులో పెళ్ళీ పిల్లలూ కూడా కావాలి. జమునే చెప్పింది: "మంచం తీసి ఈదిలో పడెయ్యి. నాను కింద పడుకుంతాను. మంచం జాగాలో మిషనెట్టుకో. మూడు నెల్లే కదా. ఆ తరవాత నీ ఇష్టం."

వాడు మంచాన్ని చూశాడు, తల్లిని చూశాడు. "ఒక్కటే పడతాది. ఒక్క మిషనే" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

చెట్టు మీద కుండీలు

రెండు రోజుల తర్వాత హరిపద మూడు కుండీలతో వచ్చాడు. వాళ్ళ పద్ధతిలో కొమ్మని కోసి తేరు. కుండీలో పెంచిన పనసమొక్కనే చెట్టు కొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, రెండింటి బెరడూ కొంచెం చెక్కి, కలిపి కట్టేస్తారు. అతుక్కున్నాక కొమ్మని తల్లిచెట్టు నుంచి కోస్తారు. అందుకే అప్పటిదాకా తల్లి నిలబడి ఉండాలి. మామూలుగా కొమ్మ కిందికి ఉంటుంది. మా వాడి చెట్టు కొమ్మలన్నీ ఆకాశంలో ఉన్నాయి. కాబట్టి వెదురు గడలతో మంచె కట్టి, కుండీలు పైకి ఎక్కించవలసి వచ్చింది. వీధంతా చేరింది. పక్కింటి దర్జీ ముసలాయన మెడలో టేపు వేసుకుని వచ్చి, మంచె ఎత్తు కొలిచి, చెట్టుకి షేర్వాణీ కుట్టాలా అని అడిగాడు. హరిపద పైనుంచి, ముందు నీకు కుట్టుకో అన్నాడు.

జమునకి రోజూ నిచ్చెనెక్కి నీళ్ళు పొయ్యాలని చెప్పాడు. ఆమె అప్పుడే చీర దోపుకుని ఎక్కి చూసింది.

మళ్ళీ హౌరా

తిరుగు రైలుకి తల్లీకొడుకులిద్దరూ వచ్చారు. బండి కదలడానికి ఇంకా టైముంది. కిటికీ దగ్గర నిలబడి జమున అడిగింది:

"అంట్లు అతుక్కున్నాక ఎలగ పంపించమంతావు? పార్సిలు కడతారేటి?"

"పార్సిలేటి, సచ్చూరుకుంతాది. ఒల్లో ఎట్టుకుని తేవాల."

"శంకర్‌కి కుదరదు వదినా. పూజల పని."

"శంకరెందుకు? సెట్టు నీది. నువ్వే తే."

ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. చుట్టూ కూలీలు, టీ కేకలు. చిన్న గొంతుతో, "అక్కడ నన్నెవులేనా ఏటేనా అంతారా?" అంది.

"అంతారు" అన్నాను. మా ఊరివాళ్ళు నాకు తెలుసు. "నలుగురూ అంతారు. ఆలకేటీ సెప్పకు. సేతిలో మొక్కుంతాది కదా, గొయ్యెక్కడ అని అడుగు. నాను గుమ్మంలోనే ఉంతాను, సూపిస్తాను."

బండి కదిలింది. జమున నాకు చెయ్యి ఊపలేదు. పక్కకి తిరిగి శంకర్‌ని, పలాసకి టిక్కెట్టెంత అని అడుగుతోంది.